సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మాటిమాటికీ జామ్ అవుతోందా? లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీస్ స్టేషన్‌కో, లైసెన్సున్న డీలర్ దగ్గరికో చేరతాయి. 2024లో మార్చి 16న కోడ్ వస్తే, ఫలితాలు వచ్చింది జూన్ 4న. అంటే కర్నూలు ఎండలు మండిపోయే రోజులన్నీ తుపాకి ఏదో మూల, కవర్‌లోనే నిలబడి ఉంటుంది. ఇంటికి వచ్చాక పైపైన దుమ్ము తుడిచి, నాలుగు చుక్కల నూనె పోసి రేంజ్‌కి తీసుకెళ్తారు. ఆ సాయంత్రమే ఫోన్.

"అన్నా, రెండు రౌండ్లు బాగానే పేలినాయి. మూడోది అడ్డం పడింది. గుంజి తీసేసినా. మళ్లా అడ్డం పడింది."

"తీసేసినావు సరే, అడ్డం పడినప్పుడు లోపల ఏముండె?"

దీనికి జవాబు ఉండదు. తూటాను లోపలికి నెట్టి మూసే బోల్ట్ ఎక్కడ ఆగింది, ఇరుక్కున్నది ఖాళీ కేసా (పేలిన తూటా ఇత్తడి డొల్ల), పేలని తూటానా అని చూసినవాళ్లు తక్కువ. నేను పోలీస్ బెటాలియన్ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసినవాణ్ణి. అక్కడ మాకు నూరిపోసిన మొదటి పాఠం ఇదే: జామ్‌ను తీసే ముందు చూడు. ఇరుక్కున్న తీరులోనే సగం జవాబు ఉంటుంది. కంగారుగా బోల్ట్ గుంజి పారేస్తే ఆ జవాబు కూడా పోతుంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి రెండు మాటల్లో. ఇలాంటివాటిని 'వేట రైఫిల్' అంటారు గానీ అది పేరు మాత్రమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. వేరుశనగ చేలో అడవి పందులు పడుతున్నాయన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేనిదే తుపాకి ఎత్తకూడదు. పైగా 2016 ఆయుధ నిబంధనలు సెమీ ఆటోమేటిక్ తుపాకులను ప్రత్యేక పరిమితుల్లో పెట్టాయి. కాబట్టి ఇది రాస్తున్నది చట్టబద్ధంగా అలాంటి రైఫిల్ చేతిలో ఉండి, అనుమతి ఉన్న రేంజ్‌లో కాల్చేవాళ్ల కోసం. శుభ్రం చేయడం, గమనించడం మీ పని. భాగాలు మార్చడం, అరగదీయడం లైసెన్సున్న గన్‌స్మిత్ పని.

ముందు తుపాకిని నిరపాయం చేయండి

జామ్ అయిన తుపాకిని పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకిగానే చూడాలి. గొట్టం మూతి టార్గెట్ వైపే ఉండాలి. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట. సేఫ్టీ పడితే వేయండి. బోల్ట్ మధ్యలో ఆగినప్పుడు కొన్ని రైఫిళ్లలో సేఫ్టీ పడదు, దాన్ని బలవంతం చేయొద్దు.

ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని మాత్రమే వినిపించి పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించేది) ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. అర నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, పక్క లేన్ వాళ్లు చూస్తుంటారు. చూడనివ్వండి.

దీనికంటే ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. పేలింది గానీ శబ్దం నీరసంగా 'తుస్' మంది, భుజానికి దెబ్బ తెలియలేదు. అలాంటప్పుడు బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకో రౌండు పేలిస్తే గొట్టం చీలుతుంది. అక్కడితో కాల్పులు ఆపి, తుపాకి ఖాళీ చేసి, గొట్టంలో అడ్డం లేదని తేలేదాకా మళ్లీ లోడ్ చేయకూడదు.

ఈ రెండూ కాదని తేలాక, జామ్‌ను కదిలించకముందే వెనక నిలబడ్డ మనిషితో ఫోన్‌లో ఒక ఫొటో తీయించండి. తర్వాత తూటాలు నింపే పెట్టె, అంటే మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ మొత్తం వెనక్కి లాగి లాక్ చేయండి. ఇరుక్కున్నది బయటపడ్డాక చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. కన్ను పొరపడినా వేలు పొరపడదు.

పేలని తూటా చాంబర్‌లో బిగుసుకుపోతే మాత్రం గొట్టం మూతి వైపు నుంచి రాడ్ పెట్టి తోయవద్దు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు. రేంజ్ అధికారికి చెప్పి, గన్‌స్మిత్‌ను పిలిపించండి.

లోపల ఏం జరగాలి, ఏం ఆగింది

సెమీ ఆటోమేటిక్‌లో ఒక రౌండు పేలాక మీ చేయి తగలకుండా వరసగా కొన్ని పనులు జరిగిపోవాలి. బోల్ట్ తెరుచుకోవాలి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ కేసు అంచు పట్టి బయటికి లాగాలి. ఎజెక్టర్ దాన్ని పక్కకి విసరాలి. స్ప్రింగ్ బోల్ట్‌ను మళ్లీ ముందుకు తోయాలి. దారిలో మ్యాగజైన్ పైనున్న తూటాను నెట్టుకుంటూ పోయి చాంబర్‌లో పెట్టి లాక్ కావాలి. దీనికంతటికీ కావాల్సిన బలం పేలిన మందు నుంచే రావాలి. .22 అనే చిన్న తూటా రైఫిళ్లలో ఎక్కువ భాగం కేసు వెనక్కి తన్నే బలంతోనే బోల్ట్‌ను నడిపిస్తాయి. పెద్ద తూటా వేట రైఫిళ్లలో చాలావాటికి గొట్టంలో చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి వచ్చే గ్యాస్ పిస్టన్‌ను తోస్తుంది.

ఇప్పుడు మీ ఫొటో చూడండి.

బోల్ట్ పూర్తిగా మూసుకుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు: తూటా, దాని ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ సంగతి చూడాలి. చాంబర్ ఖాళీగా ఉంటే మ్యాగజైన్ నుంచి తూటానే రాలేదు.

కొత్త తూటా ముక్కు పైకి లేచి, లేదా కిందకి వంగి, చాంబర్ నోటి దగ్గర ఆగింది: నూటికి తొంభైసార్లు మ్యాగజైన్ అని నేను ముందే అనేస్తాను.

ఖాళీ కేసు బోల్ట్‌కూ, కేసు బయటపడే కిటికీకీ మధ్య నిలువుగా నిక్కి నిలబడింది: విసరడంలో బలం చాలలేదు.

ఖాళీ కేసు చాంబర్‌లోనే ఉంది, దాని వెనక కొత్త తూటా వచ్చి గుద్దుకుంది: ఎక్స్‌ట్రాక్టర్ పట్టు తప్పింది, లేదా చాంబర్ మురికిగా ఉండి కేసును వదల్లేదు.

బోల్ట్ దాదాపు మూసుకుని, గోరంత దూరంలో ఆగింది: మురికి, చిక్కబడ్డ నూనె, అలసిన స్ప్రింగ్, లేదా మీ చేతి అలవాటు. ఈ చివరిదాని గురించి ఇక్కడే చెప్పేస్తాను. మొదటి రౌండు ఎక్కించేటప్పుడు కొందరు బోల్ట్‌ను వెనక్కి లాగి, దెబ్బ తగులుతుందేమో అన్నట్టు చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు వదులుతారు. స్ప్రింగ్ బలమంతా మీ చేతిలోనే పోతే అది లాక్ ఎలా అవుతుంది? మొత్తం వెనక్కి లాగి, వదిలేయాలి. అలా వదిలినా ఆగిపోతే అరచేత్తో కొట్టి మూయకండి. ఆ రౌండు తీసేసి, ఏం అడ్డుపడిందో చూడండి.

మ్యాగజైన్

ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఎందుకంటే జనం అన్నిటికంటే తక్కువగా చూసేది దీన్నే. తుపాకికి సిల్క్ గుడ్డ కప్పుతారు, మ్యాగజైన్‌ను బీరువా అరలో తాళాలు, బ్యాటరీల మధ్య పడేస్తారు.

ముందు ఖాళీ మ్యాగజైన్ ఎక్కించి, కిందకి లాగి చూడండి. ఊగుతోందా? దాన్ని పట్టి ఉంచే లాచ్ పడిన చప్పుడు స్పష్టంగా వచ్చిందా? సగం ఎక్కిన మ్యాగజైన్ మొదటి రౌండు ఇస్తుంది, రెండోదానికి కిందకి జారుతుంది. సినిమాల్లో హీరో మ్యాగజైన్‌ను అరచేత్తో ఒక్క చరుపు చరిచి ఎక్కిస్తాడు కదా, అలా చరిచి చరిచి లాచ్ గాడి అరిగిన మ్యాగజైన్లు చూశాను.

తర్వాత పై అంచులు. తూటాను పట్టి ఉంచే ఆ రెండు రేకు పెదవులు సమానంగా ఉండాలి. మ్యాగజైన్‌ను కంటి ఎత్తుకు పట్టుకుని వెలుతురుకు ఎదురుగా వెనక నుంచి చూడండి. ఒకటి కొంచెం తెరుచుకున్నా తూటా ముక్కు పక్కకి తిరుగుతుంది. బండమీద ఒక్కసారి పడినా ఇది వంగుతుంది, మన ఇళ్లలో నేలంతా కడప బండలో, బేతంచెర్ల బండలో. వంగిన అంచును కటింగ్ ప్లయర్‌తో సరిచేద్దామని చూడకండి. కొత్త మ్యాగజైన్ కొనడం మేలు.

ఇప్పుడు లోపలి పలక, స్ప్రింగ్. తూటాలు లేకుండా బొటనవేలితో పలకను కిందకి నొక్కి మెల్లగా వదలండి. ఆగకుండా, ఒరగకుండా పైకి రావాలి. మధ్యలో తడబడితే లోపల గరుకు ఉన్నట్టు. చివరి రెండు రౌండ్ల దగ్గరే జామ్ అవుతోందంటే స్ప్రింగ్ నీరసించిందని అనుమానించండి, ఎందుకంటే అక్కడ దాని బలం అతి తక్కువ. నిండా నింపినప్పుడు మొదటి రౌండే రాకపోతే, పట్టే సంఖ్యకంటే ఒకటి తగ్గించి నింపి చూడండి.

విప్పడానికి వీలైన మ్యాగజైన్ అయితే అడుగు పలక జరిపి, స్ప్రింగ్ ఎటు తిరిగి ఉందో ఫొటో తీసుకుని విప్పండి. స్ప్రింగ్ తిరగేసి పెట్టి, 'శుభ్రం చేసినప్పటినుంచే ఎక్కువైంది' అనేవాళ్లున్నారు. లోపల పొడి గుడ్డతో తుడవండి. నూనె వేయకండి. నూనె మీద దుమ్ము పేరుకుంటుంది, ఆ నూనె తూటా ప్రైమర్‌లోకి దిగినా దిగుతుంది.

అన్నిటికంటే పనికొచ్చే చిట్కా: రెండు మ్యాగజైన్లు ఉంటే నెయిల్ పాలిష్‌తో 1, 2 అని గుర్తు పెట్టండి. అదే తుపాకి, అవే తూటాలు, మ్యాగజైన్ మాత్రం మార్చి కాల్చండి. జామ్ ఎప్పుడూ 2వ నంబర్‌తోనే వస్తోందా? మీ వెతుకులాట అయిపోయింది.

తూటాలు

తూటాల్లో ముందు చూడాల్సింది చిలుము. తోలు బెల్టు అరల్లో తూటాలు పెట్టి గోడకు తగిలించడం మన దగ్గర పాత పెద్దింటి అలవాటు. తోలును పదును చేసిన రసాయనాలు ఇత్తడిని తింటాయి, కేసు చుట్టూ పచ్చగా చిలుము కడుతుంది. ఆ గరుకు చాంబర్‌లో పట్టేసి బయటికి రాదు. పలచని మరక తుడిస్తే పోతుంది. తుడిచినా ఇత్తడి మీద గుంటలు కనిపిస్తే ఆ తూటా వాడకండి. పేలని, పాడైన తూటాలను చెత్తలో పారేయకుండా డీలర్‌ను అడిగి అప్పగించండి.

సీసపు బుల్లెట్ ఉన్న .22 తూటాలకు పైన మైనం లాంటి పూత ఉంటుంది. జేబులో వేసుకుంటే దానికి నూలు పోగులు, ఇసుక అంటుకుని నేరుగా చాంబర్‌లోకి వెళ్తాయి. డబ్బాలోనే ఉంచాలి.

ఇంకొకటి, బలం. .22 లాంగ్ రైఫిల్‌లో మామూలు 40 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ హై వెలాసిటీ రకమైతే సెకనుకు సుమారు 370 మీటర్ల వేగంతో పోతుంది. సబ్‌సోనిక్ రకం శబ్ద వేగానికి లోపే ఉంటుంది. శబ్దం తక్కువని సబ్‌సోనిక్ కొంటే, చాలా సెమీ ఆటోమేటిక్‌లలో బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి నెట్టే బలం దానికి ఉండదు. ఖాళీ కేసు కిటికీలో నిక్కి నిలబడుతుంది. తుపాకిలో ఏ దోషమూ లేదు. రకం మార్చి చూడండి. ఏ తూటా వాడాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది, గొట్టం మీద చెక్కిన కాలిబర్ (తూటా కొలత) తప్ప ఇంకేదీ 'పడుతుంది' అని ఎక్కించకండి.

ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద తూటాలు వదిలేయకండి. అలా వేడెక్కిన తూటా పేలినప్పుడు మందు పీడనం పెరుగుతుంది, కేసు చాంబర్‌కు మరింత బిగుస్తుంది.

చాంబర్, ఎక్స్‌ట్రాక్టర్

ఖాళీ కేసు చాంబర్‌లోనే మిగిలిపోతోందంటే ఆ కేసునే చేతిలోకి తీసుకుని చూడండి. చాంబర్‌లో బిగుసుకున్నది ఖాళీదే అని రూఢి అయ్యాక, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా తట్టితే వస్తుంది. దాని అంచును వెలుతురులో తిప్పండి. ఒకచోట చిన్న ఎలుక కొరికినట్టు ఇత్తడి చిరిగి ఉంటే, కొక్కెం గట్టిగానే పట్టింది, కేసు రానని మొరాయించింది. అంటే చాంబర్ మురికి లేదా తుప్పు. అంచు మీద గీత కూడా లేకపోతే కొక్కెం అసలు పట్టలేదు. అంటే ఎక్స్‌ట్రాక్టర్ అరిగింది, స్ప్రింగ్ బలం పోయింది, లేదా దాని కింద మసి గట్టిపడి కదలనివ్వడం లేదు. కేసు ఒంటి మీద పొడుగాటి గీతలుంటే చాంబర్ గోడలో గరుకు ఉంది.

చాంబర్‌కు గొట్టం బ్రష్ సరిపోదు, దాని వెడల్పు వేరు. చాంబర్ కోసం వచ్చే కంచు బ్రష్‌కు సాల్వెంట్ రాసి తిప్పాలి, ఒక పది నిమిషాలు నానబెట్టి, చిందీ గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. చివర్లో పొడిగా వదలాలి. చాంబర్‌లో నూనె ఉండకూడదు. కేసు చాంబర్ గోడను పట్టుకోలేక బోల్ట్ మీద భారం ఎక్కువ పడుతుంది. దాచిపెట్టేటప్పుడు రాసిన నూనెను కాల్చేముందు తుడవడం మర్చిపోవద్దు.

గొట్టానికి కోత్‌లో మేం వాడే పుల్‌త్రూ తాడే సెమీ ఆటోమేటిక్‌కు అనువు. వీటిలో చాలావాటికి రాడ్ వెనక నుంచి దూరదు. తాడు చాంబర్ వైపు నుంచి వేసి మూతి వైపు లాగితే మురికి మెకానిజంలోకి రాదు, మూతి అంచు కూడా అరగదు.

ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద అగ్గిపుల్ల మొనతో గోకండి. నల్లటి మైనం లాంటి పదార్థం ఊడొస్తుంది. .22లలో ఇది ఎంత పేరుకుంటుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. కొక్కెం మొన గుండ్రంగా అరిగి కనిపిస్తే గన్‌స్మిత్ దగ్గర మార్పించండి. ఆకురాయితో మొన తీయాలని చూడొద్దు.

గ్యాస్ భాగాలు

గ్యాస్‌తో నడిచే రైఫిల్ మొదట్లో కేసులను దూరంగా విసిరి, రానురాను కాళ్ల దగ్గరే పడేస్తోందంటే గ్యాస్ దారి మసితో మూసుకుపోతున్నట్టు. పుస్తకంలో చెప్పినంత వరకే విప్పండి. పిస్టన్ మీద కట్టిన మసిని సాల్వెంట్, నైలాన్ బ్రష్‌తో తీయండి, గరుకు కాగితం వద్దు. పిస్టన్, దాని సిలిండర్ చాలా రైఫిళ్లలో పొడిగానే ఉండాలి. అక్కడ నూనె వేస్తే వేడికి కాలి కొత్త మసి అవుతుంది. పోలీసులు వాడిన ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)లో అయితే గ్యాస్ ఎక్కువ తక్కువ చేసే రెగ్యులేటర్ ఉంటుంది, మురికి పట్టినా కొంత నెట్టుకురావచ్చు. వేట రైఫిళ్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. రంధ్రం పెద్దది చేస్తే సరిపోతుందని డ్రిల్ బిట్ పట్టుకోవడం తుపాకిని చంపుకోవడమే.

నూనె గొడవ

సీమలో జామ్‌లకు సగం కారణం దుమ్ము అంటారు. నేను దుమ్ము కంటే నూనెనే ముందు తిడతాను. ఆషాఢం గాలులకు అనంతపురం వైపు లేచే ఎర్రదుమ్ము పొడి లోహం మీద నిలవదు. నూనె కారుతున్న బోల్ట్ మీద పడితే పేస్టు అవుతుంది.

కొబ్బరినూనె రాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబర్ పొద్దున బోల్ట్ ఎందుకు బద్ధకంగా కదులుతోందని అడిగితే ఏం చెప్పాలి? కొన్నాళ్లకు అది బంకగా కూడా మారుతుంది. కిరోసిన్ మురికి వదలగొడుతుంది గానీ కందెనగా పనికిరాదు, వాడితే పూర్తిగా తుడిచేయాలి. పెట్రోలు జోలికి పోవద్దు. గన్ ఆయిల్ దొరక్కపోతే తాత్కాలికంగా కుట్టుమిషన్ నూనె నయం.

ఎంత వేయాలి? బోల్ట్ జారే పట్టాల మీద, లోహం మెరుస్తూ రాసుకుపోయిన చోట్ల, ఒక్కో చుక్క. వేలితో పులిమి, మళ్లీ పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. వేలికి జిడ్డు తెలియాలి, చుక్క కనబడకూడదు. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు రాదనే ధీమా కూడా వద్దు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. రెక్సిన్ కవర్‌లో ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది. స్టేషన్‌లో డిపాజిట్ చేసేముందు గొట్టానికి పలచగా నూనె రాసి ఇవ్వండి, తిరిగి తెచ్చుకున్న రోజే కవర్ విప్పి తుడవండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

శుభ్రం చేశాక రేంజ్‌కి వెళ్లినప్పుడు కొత్త మ్యాగజైన్, కొత్త తూటాలు, కొత్త స్ప్రింగ్ అన్నీ ఒకేసారి పెడితే బాగుపడినా దేనివల్లో తెలియదు. మొదట ఒక్క రౌండు మాత్రమే మ్యాగజైన్‌లో పెట్టి కాల్చండి. చాలా రైఫిళ్లలో చివరి రౌండు తర్వాత బోల్ట్ వెనకే ఆగాలి. మీదానికి ఆ ఏర్పాటు ఉండి కూడా ఆగకపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లడం లేదని అనుమానం, లేదా మ్యాగజైన్ పలక దాన్ని ఆపడం లేదు. ఆ తర్వాత రెండు రౌండ్లు, ఆ తర్వాత ఐదు. ఇంకా జామ్ అవుతుంటే తూటా రకం మార్చండి, తర్వాత మ్యాగజైన్. టెలిస్కోప్ బిగించాకే మొదలైందా? మౌంట్ మరీ కిందకి ఉంటే ఖాళీ కేసు దానికి తగిలి లోపలికే తిరిగి పడుతుంది. తీసి చూస్తే తేలిపోతుంది.

ప్రైమర్ మీద దెబ్బ గుర్తు నిస్సారంగా ఉంటే, ఫైరింగ్ పిన్ దారిలో మసి గట్టిపడిందేమో శుభ్రం చేయించండి. పని చేస్తోందా లేదా అని ఖాళీ .22ను ఊరికే టిక్కుటిక్కు మనిపించకండి. చాలా .22లలో పిన్ చాంబర్ అంచుకు తగిలి అక్కడ గుంట పడుతుంది, ఆ గుంటే రేపు కొత్త జామ్.

ట్రిగ్గర్, సేఫ్టీ భాగాలు, బోల్ట్ లాక్ అయ్యే పళ్లు: వీటి మీద ఆకురాయి, గరుకు కాగితం పెట్టే హక్కు ఎవరికీ ఇవ్వకండి. గన్‌స్మిత్ అయినా ముందు కారణం చెప్పాలి. బోల్ట్ పళ్లు చిట్లినా, రిసీవర్ (బోల్ట్‌ను పట్టి ఉంచే తుపాకి ఒళ్లు) మీద పగులు గీత కనబడినా, ట్రిగ్గర్ నొక్కకుండానే ఒక్కసారైనా పేలినా తుపాకిని ఇక వాడకండి.

బాగుచేయించడానికి తీసుకెళ్లేటప్పుడు లైసెన్సు, ఖాళీ తుపాకి, ఉన్న మ్యాగజైన్లన్నీ, జామ్ అయినప్పటి ఫొటో, ఆ రోజు పడ్డ ఖాళీ కేసులు ఐదారు వెంట ఉండాలి. కేసులను కడగకండి. తూటా డబ్బా మీది లాట్ నంబర్ ఒక చీటీ మీద రాసి ఆ కేసుల కవర్‌లోనే వేయండి.